రెండో పలకరింపు

ఆకుపచ్చ గీత ఒకటి వచ్చింది, దాని కింద ఇంకొకటి, మళ్ళీ ఇంకొకటి, లాప్‌టాప్ తెర మీద ఒకదాన్నొకటి పైకి తోసుకుంటూ పోతున్నాయి. ఎర్రది వస్తే తలుపు తట్టండి పిన్నీ అని చెప్పి అమ్మాయి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆఫీసు మీటింగట, ఫోనులోనే. నేనేమో ఈ బల్ల ముందు కూర్చుని ఎర్రదాని కోసం కాపలా. తెర మీది అక్షరాలు నావి కావు. వయసు మళ్ళాక నేను కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలు వేరు, ఇవి వేరు. అయినా రంగుకి చదువు అక్కర్లేదు కదా, ఎరుపంటే ఎరుపే. ఒళ్ళో సంచి ఉంది. సంచిలో ఆయన రసమట్టం ఉంది, అరచెయ్యంత చెక్క, మధ్యలో గాజుగొట్టం, గొట్టంలో బుడగ. ఇది ఇచ్చేస్తే ఆయనవి ఇక ఇవ్వడానికి ఏమీ మిగలవు. ఇవ్వడానికి లేకపోతే రావడానికి సాకు ఉండదు. పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పటినుంచీ ఆ మాట నీళ్ళు లేకుండా మింగిన మాత్రలా గొంతులో అడ్డంపడి ఉంది.

అన్నీ ఒకేసారి తెచ్చి ఉండొచ్చు. ఒక సంచికి సరిపోయేవే ఆయన సామాన్లు. కానీ మొదటిసారి ఆయన పోయాక వచ్చినప్పుడు టార్చిలైటు ఒక్కటే తెచ్చాను. తర్వాత కళ్ళజోడు. తర్వాత నడుముకు కట్టుకునే తోలు పట్టీ, పానాలు పెట్టుకునే జేబులతో సహా. ఇంకోసారి ఆయన టోపీ, అది తెచ్చిన రోజు వాన. ప్రతిసారీ అమ్మాయి రెండు చేతులా అందుకుంటుంది, మీరెందుకు శ్రమపడ్డారు పిన్నీ అంటుంది, బస్సులో సీటు దొరికిందా, మోకాలు ఎలా ఉంది, టీలో చక్కెర ఎంత వెయ్యమంటారు. ప్రతిసారీ అదే చక్కెర ప్రశ్న, కొత్తగా వచ్చిన మనిషిని అడిగినట్టు. నేనూ ప్రతిసారీ ఒక చెంచా అంటాను. ఆ తర్వాత ఇద్దరి దగ్గరా మాటలుండవు. టీ అయిపోతుంది. నేను లేస్తాను. అప్పుడేనా అంటుంది. బస్సు అంటాను. లిఫ్టు దాకా వస్తుంది, లిఫ్టు తలుపులు మా ఇద్దరి మధ్య మూసుకుంటాయి, ఆ మూసుకునే చప్పుడు బాగుందో లేదో ఆయనైతే వినగానే చెప్పేవాడు. లిఫ్టు మెకానిక్ కదా. ఎవరింటికి వెళ్ళినా ముందు లిఫ్టు తలుపు మీద అరచెయ్యి ఆనించేవాడు, జ్వరం చూసినట్టు. దీనికి కాస్త నలత ఉంది అనేవాడు. అదుగో ఇప్పుడు కూడా లిఫ్టు పైకి వస్తోంది, మధ్యలో ఎక్కడో చిన్నగా గునుస్తోంది, ఈ అంతస్తు దాటి పైకి పోయింది. వినడానికి చెవి నాకు అబ్బింది, బాగుచేసే చెయ్యి ఆయనతో పోయింది.

ఆకుపచ్చ. ఆకుపచ్చ. పొద్దున టీ తాగుతూ, మాటలు అయిపోతున్నాయన్న భయంతో, ఏమిటమ్మా ఇది, పొద్దస్తమానం గీతలు చూస్తావా అని అడిగాను. నవ్వింది. నన్ను చూసి నవ్వడం తక్కువ కాబట్టి అది గుర్తుంది.

"రెండు యంత్రాలు మాట్లాడుకుంటాయి పిన్నీ. మాట్లాడే ముందు నువ్వు నిజంగా నువ్వేనా అని చూసుకుంటాయి, మధ్యలో ఎవరూ వినకుండా ఒక రహస్య భాష కుదుర్చుకుంటాయి. మొదటిసారి ఆ తతంగం అంతా చెయ్యాలి. అయ్యాక సర్వర్ ఒక టికెట్ ఇస్తుంది. మళ్ళీ వచ్చినప్పుడు అది చూపిస్తే, ఆఁ నువ్వా, రా, అని పాత పరిచయం మీదే మొదలుపెట్టేస్తుంది."

"మరి నీ పనేంటి?"

"అలా నిజంగా గుర్తుపడుతోందా లేదా అని పరీక్ష పెట్టడం. మా సర్వర్ అంతా జావాస్క్రిప్టులో రాశాం, పరీక్షా అందులోనే. ఒకసారి కలుపుతాను, వదిలేస్తాను, టికెట్ ఇచ్చి మళ్ళీ కలుపుతాను. పాత పరిచయమేనా అని అడుగుతాను. అవునంటే ఆకుపచ్చ. కాదంటే ఎరుపు. వారంరోజులుగా కాసేపు అవునంటుంది, కాసేపు కాదంటుంది. తల బద్దలుకొట్టుకుంటున్నాం."

"కాదంటే ఏమవుతుంది? మాట్లాడుకోవా?"

"అదే కదా చిక్కు. ఏమీ అవదు. మళ్ళీ మొదటినుంచి పేరూ ఊరూ అడుక్కుని పని కానిచ్చేస్తాయి. పైకి అంతా బాగానే ఉంటుంది. పనిగట్టుకుని అడిగితే తప్ప, గుర్తుపట్టలేదని ఎవరికీ తెలీదు."

నేను కప్పు కింద పెట్టాను. పైకి అంతా బాగానే ఉంటుంది. టీ బాగుంది, సీటు దొరికింది, మోకాలు పర్వాలేదు, ఒక చెంచా. ఆ మాట తను యంత్రాల గురించే అంది, నాకు తెలుసు. నేనే ఎక్కడికో తీసుకుపోయాను. ఒంటరిగా ఉండే మనిషికి ప్రతి మాటా తన ఇంటి అడ్రసు మీదే వచ్చినట్టు అనిపిస్తుంది. పక్కింట్లో కుక్కర్ కూత వేసినా లేచి మన పొయ్యి చూసుకుంటాం.

ఆయన్ని చేసుకునేనాటికి ఈ పిల్ల మోకాళ్ళ దాకా గౌను వేసుకుని తలుపు చాటున నిలబడేది. వాళ్ళమ్మ పోయి ఎంతోకాలం కాలేదు. పిన్ని అని పిలవమని వాళ్ళ మేనత్త నేర్పించి వెళ్ళింది, ఆ పిల్ల అలాగే పిలిచింది, ఒక్కరోజు తప్పకుండా, అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేకుండా. నేను అప్పటికి ఆస్పత్రి లాండ్రీలో చేసేదాన్ని. వార్డుల దుప్పట్లు, తువ్వాళ్ళు, డాక్టర్ల కోట్లు, అన్నీ ఆవిర్లు కక్కుతూ వచ్చేవి, మేము మడతపెట్టి బండ్లకెక్కించేవాళ్ళం. అక్కడ మడతకి ఒక పద్ధతి ఉండేది, నిలువునా మూడు మడతలు, అంచు లోపలికి. అంచు బయటికి కనిపిస్తే సూపర్వైజరు బండి వెనక్కి తోసేది. ఆ మడత నా చేతులకి పట్టేసింది, ఇంటికొచ్చినా అదే. వార్డు ఇంటికే తెచ్చేశావుగా అని ఆయన ఎగతాళి చేసేవాడు, జబ్బు చెయ్యకుండానే ఆస్పత్రిలో ఉన్నట్టుంది నా బనీను అనేవాడు. అమ్మాయి యూనిఫాం కూడా అలాగే మడిచి కుర్చీ మీద పెట్టేదాన్ని. తెల్లారి చూస్తే ఆ గౌను దులిపి, రెండే మడతలుగా, అంచు బయటికి కనిపించేలా మడిచి ఉండేది. వాళ్ళమ్మ మడత అది. నేనేమీ అనలేదు, ఆయనకీ చెప్పలేదు. మళ్ళీ ఉతికేదాన్ని, మళ్ళీ మూడు మడతలు పెట్టేదాన్ని, చేతులు వేరేలా వంగవు, పొద్దుటికి మళ్ళీ రెండు. ఎన్నాళ్ళు అలా సాగిందో. తర్వాత తన బట్టలు తనే మడుచుకునే వయసు వచ్చింది, నాకు ఆ కుర్చీ దగ్గర పని పోయింది.

కిటికీ దగ్గర బట్టలు ఆరేసే స్టాండు ఉంది. ఎండ దాని మీద పడుతోంది, తువ్వాళ్ళు ఎండి గరుగ్గా కనిపిస్తున్నాయి. పక్కనే పెద్ద దుప్పటి సగానికి వేలాడేసి ఉంది. దుప్పటి చూస్తే లాండ్రీలో నా జోడీ గుర్తొస్తుంది. దుప్పట్లకి ఇద్దరుండాలి, ఆ రెండో మనిషిని జోడీ అనేవాళ్ళం. నా జోడీని అందరూ గొణుగుడక్క అనేవాళ్ళు, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి గొణుగుతూనే ఉండేది. ఒకసారి నేను కొత్తగా పెళ్ళయిన సిగ్గులో ఉంటే దుప్పటి అటు కొస నుంచి అంది, "ఏమే, మొగుడు లేకుండా బతకొచ్చు గానీ, జోడీ లేకుండా ఈ దుప్పటి మడతపడదు, గుర్తుపెట్టుకో." అందరూ పగలబడి నవ్వారు. ఇప్పుడు నా ఇంట్లో దుప్పటి గడ్డం కింద నొక్కిపెట్టి, రెండు చేతులూ చాపి, కింద కొస నేలకి తగలకుండా మునివేళ్ళ మీద లేచి తంటాలు పడుతుంటే గొణుగుడక్క నవ్వు వినిపిస్తుంది. రెండూ పోయాయక్కా నాకు, అంటాను పైకే. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి పైకే అనొచ్చు.

ఆ గొణుగుడక్క పనికి రాని రోజు ఒకటుంది. బడికి సెలవు, ఆయనకి ఎక్కడో లిఫ్టు ఇరుక్కుపోయిందని కబురు, పిల్లని ఒక్కదాన్నీ వదల్లేక లాండ్రీకి తీసుకెళ్ళాను. మూల స్టూలు మీద కూర్చోబెట్టాను. దుప్పట్ల కుప్ప పెరిగిపోతోంది, జోడీ లేదు, సూపర్వైజరు నా వైపే చూస్తోంది. ఆ పిల్ల ఏమనుకుందో స్టూలు దిగి వచ్చి దుప్పటి అటు కొస పట్టుకుంది. పొట్టిది, మధ్యలో దుప్పటి నేలకి రాసుకునేది, చేతులు తల మీదకి ఎత్తి పట్టుకునేది. పాతవాళ్ళు తల వైపు పట్టుకుని కదలకుండా నిలబడాలి, కొత్తవాళ్ళు అంచు వైపు పట్టుకుని నడిచి రావాలి, ఇద్దరూ నడిస్తే గుద్దుకుంటారు. అదొక్కటే చెప్పాను. నడిచి వచ్చేది, రెండు కొసలూ నా చేతుల్లో పెట్టేది, వంగి కింద మడత అందుకుని వెనక్కి వెళ్ళేది. ఆవిరికి జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, కుప్ప అయిపోయింది. మర్నాడు కుర్చీ మీద గౌను మళ్ళీ రెండు మడతలే. అప్పుడు ఏమనుకున్నానో గుర్తులేదు. ఏమీ అనుకోలేదని ఇప్పుడు చెబితే నాకే నమ్మబుద్ధి కాదు.

ఇంతలో నా చేతుల్లో తువ్వాలు ఉంది. ఎప్పుడు లేచానో, ఎప్పుడు స్టాండు దగ్గరికి వచ్చానో. అప్పటికే తువ్వాళ్ళన్నీ మడతలు పడిపోయి కుర్చీలో దొంతరగా ఉన్నాయి, మూడేసి మడతలు, అంచు లోపలికి, ఒకదాని మీద ఒకటి, బండికెక్కించడమే తరువాయి.  పిల్ల ఇంట్లో పిల్ల బట్టలు, అడక్కుండా. తలుపు వైపు చూశాను, మూసే ఉంది. గబగబా ఒక్కొక్కటే దులిపి మళ్ళీ తీగ మీద వేశాను, ముందు ఏది ఎక్కడ ఉందో గుర్తుచేసుకుంటూ, నీలంది ఈ చివర, చారలది ఆ చివర. ఇన్నేళ్ళకి ఆ పని నేనే చేసుకుంటున్నాను, నా మడత నేనే విప్పుకుంటున్నాను. తన చేత విప్పించుకోవడం కంటే నయం.

వెనక్కి తిరిగి చూస్తే ఎరుపు.

తెర నిలిచిపోయి ఉంది. ఎంతసేపైందో. నా చేతులు తువ్వాళ్ళ మీద ఉన్నప్పుడు వచ్చి ఉంటుంది, ఒక్క పని అప్పజెప్పింది, అదీ చేతకాలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి వేళ్ళు మడిచి ఎత్తాను. లోపల ఫోను పెద్దగా పెట్టినట్టుంది, అటువైపు గొంతు వినిపిస్తోంది. తాతగారని తను చెప్పింది అతన్నే. తనతో పనిచేసే కుర్రాడే, ప్రతిదానికీ నిట్టూరుస్తాడని ఆ పేరు పెట్టారట.

"దానికి ఇవాళ మూడ్ బాగాలేదేమో," అన్నాడు తాతగారు, నిట్టూర్చి.

"నీ మూడ్ సంగతా, టెస్టు సంగతా?"

"రెండూ ఒకటే. ఇంతకీ ఎవరు చూస్తున్నారు అక్కడ?"

"ఇంట్లో ఉన్నారులే. మా నాన్న వాళ్ళావిడ."

నా చెయ్యి గాలిలోనే ఉంది. తప్పేముంది ఆ మాటలో. అక్షరం అక్షరం నిజం. ఆయన భార్యనే నేను, ఆయన లేని భార్యని. ఇంకేమని చెబుతుంది బయటి మనిషికి, సగం రోజు కథ చెప్పాలి.  కాసేపు ఆగి, అప్పుడే వచ్చినట్టు తలుపు తట్టాను.

అమ్మాయి బయటికి వచ్చింది, నన్ను దాటి తెర దగ్గరికి వంగింది. "ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడే," అన్నాను.

పైకీ కిందికీ ఏదో చదివింది. పెదవి కొరుక్కుంది. చిన్నప్పుడు లెక్క కుదరకపోతే అలాగే కొరుక్కునేది. "ఇలా చూడు, ఇలా చూడు," అని తనలో తను అనుకుంటూ లాప్‌టాప్‌ను అలాగే ఎత్తుకుని గదిలోకి పోయింది, ఈసారి తలుపు పూర్తిగా పడలేదు.

కాపలా కూడా అయిపోయింది. బల్ల ఖాళీ. సంచిలోంచి రసమట్టం తీసి లాప్‌టాప్ ఉన్న చోట పెట్టాను. బుడగ ఒక పక్కకి పోయి నిలబడింది, బల్ల వంకర. ఇలా పెట్టి వెళ్ళిపోతే తర్వాత చూసుకుంటుంది. చెప్పి వెళ్ళడమంటే మళ్ళీ అప్పుడేనా, మళ్ళీ బస్సు, మళ్ళీ లిఫ్టు తలుపులు. ఇది చివరిదమ్మా అని చెప్పాలి, చెప్పాక తన మొహం చూడాలి. అయ్యో అంటే భరించగలను. పోనీలెండి అని నెమ్మదించిన మొహం కనిపిస్తే భరించలేను. గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఒక కాలికి చెప్పు వేసుకున్నాను. గోడకి చెయ్యి ఆనించి రెండోది వెతుక్కుంటుంటే లోపలినుంచి తన గొంతు, ఎప్పుడూ లేనంత ఉత్సాహంగా.

"తాతగారూ, దొరికింది. తప్పు సర్వర్‌ది కాదు."

"మరెవరిది?"

"మనదే. మొదటిసారి కనెక్ట్ అయ్యీ అవగానే మన టెస్టు ఎండ్ కొట్టి కనెక్షన్ తెంపేస్తోంది. కొత్త పద్ధతిలో టికెట్ పలకరింపుతో పాటు రాదు, పలకరింపు అయిపోయాక వెనకాల వస్తుంది. అది దారిలో ఉండగానే మనం లేచి వెళ్ళిపోతున్నాం. ఒక్కోసారి అందుతోంది, ఒక్కోసారి లేదు."

"అంటే సర్వర్ ఇస్తూనే ఉందా?"

"ఎప్పుడూ ఇస్తూనే ఉంది. అందుకోవడానికి మనం ఉంటే కదా."

"వారంరోజులు బండబూతులు తిట్టాను దాన్ని."

"వెళ్ళి కాళ్ళు పట్టుకో."

ఇద్దరూ నవ్వుతున్నారు. నేను ఒంటి చెప్పుతో నిలబడి ఉన్నాను. బయట లిఫ్టు వచ్చి ఆగింది, తలుపులు తెరుచుకున్న చప్పుడు, ఎవరో దిగారు, అడుగులు అటు పోయాయి. ఇప్పుడు వెళ్తే ఎక్కేయొచ్చు. యంత్రాల సంగతి అది, నా సంగతి కాదు, ఇందాకే కదా అనుకున్నాను. కానీ ఒకటి తట్టింది, ఈ ఇంట్లో నేను ఎప్పుడూ కప్పు ఖాళీ చేసిన తర్వాత కూర్చోలేదు. ఆ కప్పు తను ఎక్కడ కడుగుతుందో, కడిగి ఎక్కడ బోర్లిస్తుందో కూడా చూడలేదు. నేను వెళ్ళాక ఈ గది ఎలా ఉంటుందో, తను కిటికీ దగ్గరికి వెళ్తుందో, నేను వీధి దాటడం చూస్తుందో. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. కిందికి పోతూ మధ్యలో గునిసింది.

"వెళ్తున్నారా?"

గది గుమ్మంలో నిలబడి నా కాళ్ళ వైపు చూస్తోంది.

"బస్సు," అన్నాను.

"అది పోతే ఇంకోటి రాదా? ఏం బస్సో, మీకోసమే వేసినట్టు." విసుగ్గా అంది. వాళ్ళ నాన్నతో అలా మాట్లాడేది, నాతో ఎప్పుడూ లేదు. అప్పుడు బల్ల మీద చూసింది. దగ్గరికి వెళ్ళి వేలితో రసమట్టం కొస కొంచెం ఎత్తింది, బుడగ మధ్యకి వచ్చింది, వదిలేస్తే మళ్ళీ పక్కకి పోయింది. "ఈ బల్ల వంకరని నాన్న వచ్చినప్పుడల్లా సాధించేవాడు," అంది. నా సంచి వైపు చూసి, "ఇంకా ఏమున్నాయి అక్కడ?"

"ఏమీ లేవమ్మా. ఇదే ఆఖరు."

తన మొహం చూడలేదు నేను. కుళాయి దగ్గరికి వెళ్ళిన చప్పుడు, మొహం మీద నీళ్ళు కొట్టుకున్న చప్పుడు, చాలాసేపు కొట్టుకుంది. కళ్ళు మూసుకునే వచ్చి స్టాండు మీద తడిమి చారల తువ్వాలు లాక్కుంది. తుడుచుకుంటూ ఆగిపోయింది. తువ్వాలు వెలుగుకి పట్టి చూసింది. పక్కన నీలంది చూసింది. నిలువునా రెండు గీతలు, ఎండ బాగా పడుతోందేమో, స్పష్టంగా ఉన్నాయి. దులిపితే పోతాయనుకున్నాను. ఇన్నేళ్ళు ఆ పని చేసి ఉండి, ఎండిన బట్ట మడత అంత తేలిగ్గా పోదని తెలియనట్టు.

"మడతపెట్టారా వీటిని?"

"లేదు. అంటే, పెట్టాను. మళ్ళీ తీసేశాను."

"ఎందుకు?"

"నీకు నచ్చదేమోనని."

 తువ్వాలు మెడ మీద వేసుకుని గోడ బీరువా దగ్గరికి వెళ్ళి రెండు తలుపులూ బార్లా తీసి, పక్కకి తప్పుకుంది. నేను గుమ్మం దగ్గరినుంచే చూశాను. అరల నిండా బట్టలు. దిండు గలీబులు, చీరలు, చొక్కాలు, తువ్వాళ్ళు, నిలువునా మూడేసి మడతలు. ఎక్కడా ఒక్క అంచు బయటికి లేదు.

"రెండు మడతలేస్తే అరలో పట్టి చావవు," అంది బీరువాకేసి చూస్తూ. "చిన్నప్పుడంటే పంతం. ఏం చేస్తాం."

 ఎప్పటినుంచి అని అడగాలనిపించింది, అడగలేదు. తను స్టాండు మీది దుప్పటి లాగింది. "ఇదొక్కటే నా వల్ల కాదు. గడ్డం కింద పెట్టుకుని తంటాలు పడతాను, చివరికి ఉండచుట్టి పడేస్తాను."

"నేనూ అంతే," అన్నాను.

తల వైపు కొసలు రెండూ నాకు అందించింది. ఏ వైపు ఎవరు పట్టుకోవాలో నేను చెప్పలేదు. అంచు తను పట్టుకుని కిటికీ దాకా వెనక్కి నడిచింది, ఇద్దరం ఒక్కసారే విదిలించాం, ఎండలో దుమ్ము లేచింది. నేను కదలకుండా నిలబడ్డాను. తను నడిచి వచ్చింది, ఇప్పుడు నాకంటే పొడుగు, చేతులు పైకి ఎత్తనక్కర్లేదు, దించి పట్టుకుంది. రెండు కొసలూ నా చేతుల్లో పెట్టింది, తన వేళ్ళు ఇంకా చల్లగా తడిగా ఉన్నాయి, వంగి కింద మడత అందుకుని వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. అంచు లోపలికి పోయింది.

మడిచిన దుప్పటి ఇద్దరి మధ్యా బరువుగా, వెచ్చగా ఉంది. ఎవరమూ వదల్లేదు కాసేపు.

"ఇంకా ఉన్నాయా?" అన్నాను.

"ఉతకాల్సినవి ఉన్నాయి. మొన్నటినుంచీ పేరుకుపోయాయి."

"అయితే వెయ్యి."

"ఇప్పుడు వేస్తే ఆరేసరికి రేపవుతుంది పిన్నీ."

"వెయ్యి," అన్నాను. ఒంటి కాలికి ఉన్న చెప్పు అప్పుడు గుర్తొచ్చి, విప్పి గోడవారగా రెండోదాని పక్కన పెట్టాను.